ఆయన పెట్టని తీగ

మొన్న ఆదివారం మా పక్కింటాయన తన కారు బానెట్ ఎత్తి, లోపల బిగించిన నల్ల డబ్బీ ఒకటి చూపించి, పొద్దున్నే నాకు ఒళ్ళు మండించాడు. ఆయనకు యాభై ఉంటాయి. మిర్చి వ్యాపారం. నన్ను బాబాయ్ అంటాడు. నేను చెప్పేవాటిలో సగమే నమ్ముతాడు. ఆ సగం కూడా ఎక్కువేనని మా ఆవిడ అంటుంది.

"ఏందిరా అది?" అన్నాను.

"మైలేజీ పెంచేది బాబాయ్. పొగగొట్టంలో సెన్సరని ఒకటి ఉంటది. పొగలో గాలి ఎంత మిగిలిందో చూసి కంప్యూటర్‌కి చెప్పిద్ది. ఈ డబ్బీ ఆ రెంటి మధ్యలో దూరి, పెట్రోలు ఎక్కువైంది తగ్గించు అని చెప్పిద్ది. అది నమ్మి తగ్గించిద్ది."

"నిజంగా ఎక్కువైందా?"

"కాలేదు. అదే గదా కిటుకు."

"అంటే ఇంజన్‌కి అబద్ధం చెప్తన్నావు."

"దానికేం తెలుసుద్ది బాబాయ్!" అని నవ్వాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "అయినా మన పేటకిది కొత్తేం కాదంట గదా. నీ రోజుల్లోనే తీగ మేస్త్రీ అని ఒకాయన ఉండేవాడంట. పెట్రోలు దిగే జెట్టులో రాగితీగ పెట్టి లీటరుకి అరవై ఇప్పించేవాడంట. చానా బళ్ళు నాశనం చేశాడని మా నాన్న చెప్పేవాడు."

నేను చేతిలో ఉన్న కాఫీ గ్లాసు ఆయన కారు అద్దానికేసి కొట్టాను.

కొట్టలేదు. గ్లాసు గోడ మీద పెట్టి, ఇంట్లోకి వచ్చి తలుపేసుకున్నాను. కానీ చెయ్యి లేచిన మాట నిజం.

ఆ మేస్త్రీ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన తన జన్మలో ఏ బండి జెట్టులోనూ తీగ పెట్టలేదు. ఈ మాట ఒట్టేసి చెప్పగల మనిషి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే. ఎందుకంటే ఆ తీగ పుట్టింది నా నోట్లో. మనిషి మట్టిలో కలిసినా నేను కట్టిన ఆ పేరు మాత్రం ఇంకా ఊళ్ళో తిరుగుతూ ఉంది. ఆ పేరు ఊడబెరకడానికే ఇది రాస్తున్నాను.

ఆయన అసలు పేరు మాత్రం రాయను. రాస్తే దాని పక్కన మళ్ళీ తీగ అన్న మాట రాయాలి. ఆ రెండింటినీ ఒకసారి కలిపింది చాలు. మేస్త్రీ అనే అంటాను. అప్పుడూ అలాగే పిలిచేవాణ్ణి.

ఎనభైల మొదట్లో సంగతి. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. ఉద్యోగం దుర్గిలో, కాపురం నరసరావుపేటలో. సోమవారం పొద్దున బండెక్కి పోవడం, శనివారం సాయంత్రం మొహాన దుమ్ము కొట్టుకుని రావడం. నా బండి సెకండ్‌హ్యాండు మోటారుసైకిలు. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పొయ్యాల్సిన రకం. దాని పుణ్యాన ఆయనతో పరిచయం.

పల్నాడు రోడ్డులో, రేకుల కింద, రెండు బళ్ళు పట్టేంత చోటు ఆయన షాపు. మూడో బండి ఎండలో ఉండాలి, దాని ఓనరూ ఎండలోనే ఉండాలి. పొట్టి మనిషి. గడ్డం తెల్లబడ్డా కనుబొమలు నల్లగా ఉండేవి, ఆ రెంటి మధ్య ఎప్పుడూ ఒక ముడి. కోపం ఆయనకు వచ్చేది కాదు, ఉండేది. ఒకసారి ఒక పెద్దమనిషి మీద కోపమొచ్చి స్పానరు విసిరితే, అది రోడ్డు దాటి సోడాబండి మీద పడి మూడు సోడాలు ఒకేసారి పేలాయి. ఈ కథ నేను నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. స్పానరు ఆయన కాలి మీదే పడింది. సోడాలు నేను కలిపినవి.

వేరే మెకానిక్కులు "ఏమైందండీ?" అని మనిషిని అడుగుతారు. ఈయన మనిషి మొహం చూసేవాడు కాదు. బండి ముందు గొంతుక్కూర్చుని, ట్యాంకు మీద చెయ్యేసి, "ఏమైందమ్మా? ఏం చేశాడు నిన్ను ఈ గాడిద?" అని అడిగేవాడు. గాడిద పక్కనే నిలబడి ఉండేవాడు. ఆ గాడిద తాలూకాఫీసు గుమాస్తా కావచ్చు, కోర్టు ప్లీడరు కావచ్చు. బండి ఏదో చెప్పినట్టు కాసేపు తలాడించి, అప్పుడు లేచి ఓనరు మీద పడేవాడు. "చెయినుకి నూనె పెట్టి ఎన్నాళ్ళయింది? నీ తలకి మాత్రం రోజూ పెట్టుకుంటన్నావు గదా!"

ఆయన షాపులో ఒక్క ప్రశ్న నిషిద్ధం. "ఎంతిచ్చిద్ది మేస్త్రీ?" అని ఎవరైనా అంటే, చేస్తున్న పని ఆపి, ఆ బండిని తానే నెట్టుకెళ్ళి వరసలో అందరికంటే వెనక నిలబెట్టేవాడు.

"ఎంతిచ్చిద్ది, ఎంతిచ్చిద్ది! నువ్వు కొన్నది బండినా, బర్రెనా? కాంపౌండరూ, నువ్వు చెప్పు. మేత తగ్గించి పాలు పెంచే సూది ఉందా మీ ఆస్పత్రిలో?"

"లేదు మేస్త్రీ."

"ఉంటే ముందు వీడికి పొడువు."

ఆ రోజుల్లో పల్నాడులో బండి కొన్నవాడికి మైలేజీ తప్ప వేరే మాట ఉండేది కాదు. పెళ్ళిలో పంక్తిలో కూర్చున్నా అదే, శవం లేచేదాకా అరుగు మీద కూర్చున్నా అదే. నీదెంత, నాదెంత. పక్కవాడు నలభై అంటే మనం నలభై రెండనకపోతే అన్నం సయించదు. అందరూ కూసేవాళ్ళే, కొలిచినవాడు లేడు. ఈ రోగమంటే మేస్త్రీకి అసహ్యం. ఆ కూసేవాళ్ళలో మొదటివాణ్ణి నేనని ఆయనకు తెలియదు.

ఆయన కొలిచేవాడు. ప్లగ్గు ఊడదీసి ఎండలో పెట్టి చూసేవాడు. నల్లగా మసి కట్టి ఉంటే బండి పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలక లోపల మాడిపోతున్నట్టు. రెంటికీ మధ్య, బిస్కెట్ రంగులో ఉంటే ఆరోగ్యం. ఓనరుకు అనుమానం రాకుండా టీకొట్టు నుంచి ఒక బిస్కెట్ తెప్పించి ప్లగ్గు పక్కన పెట్టేవాడు. "ఇదీ రంగు. ఇంతకంటే తెలుపు కావాలంటే ఇంకో షాపు చూసుకో." ఒకసారి ఒక బ్యాంకాయన ఆకలికి ఆగలేక ఆ బిస్కెట్ తినేశాడు. "నా కొలత తినేశావు గదయ్యా!" అని మేస్త్రీ పెట్టిన కేకకు ఆయన సగం ముక్క నోట్లోంచి తీసి ఇవ్వబోయాడు. ఇది మాత్రం నిజం.

మైలేజీ చూడాలంటే ఆయన పద్ధతి వేరు. గేదెలకు కాల్షియం ఎక్కించే ఖాళీ గాజుసీసా, దాని రబ్బరుగొట్టం నేనే మా ఆసుపత్రి నుంచి తెచ్చిచ్చాను. అందులో పావు లీటరు కొలిచి పోసి, హ్యాండిల్‌కు వేలాడగట్టి, గొట్టం తెచ్చి కార్బొరేటర్‌కు తగిలించేవాడు. ఓనరే నడపాలి. ఆయన వెనక కూర్చుంటాడు. ఆరో కిలోమీటరు రాయి దాకా పోయి వెనక్కి తిరగాలి, ఎదురుగాలీ వెనకగాలీ రెండూ తగలాలి. సీసా ఖాళీ అయి బండి ఎక్కడ ఆగితే అక్కడ దిగి, మైలురాయి మీద ఎంతుందో ఓనర్ని చదవనిచ్చేవాడు కాదు. "ఓనరు కళ్ళు రాయిని గూడా ముందుకి జరుపుతయ్యి" అని, దారినపోయే మనిషినెవరినైనా పిలిచి చదివించేవాడు. ఆ తర్వాత పేట దాకా బండిని ఓనరే నెట్టాలి. "ఎంతిచ్చిద్దో ఇప్పుడు నెట్టుకుంటా లెక్కెయ్యి!"

నా బండినీ అలాగే కొలిచాడు. ఆయన చెయ్యి పడ్డాక నా బండి లీటరుకు అరవై ఇచ్చింది.

చూశారా, అబద్ధానికి చెయ్యి తిరిగిపోయింది. అరవై కాదు. ముప్ఫై ఎనిమిది. అంతకుముందు ముప్ఫై రెండు ఇచ్చేది. ఆ ఆరూ ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, పట్టేసుకుని ఉన్న వెనక బ్రేకు వదిలించాడు, చెయిను సరిచేశాడు, చక్రాల్లో గాలి నింపాడు, కార్బొరేటర్ కడిగాడు. మంత్రం లేదు, మాయ లేదు.

"ఇంకొంచెం లాగరాదా మేస్త్రీ?" అన్నాను.

నా మీద కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. నా చొక్కా పట్టుకుని బండి దగ్గర కూర్చోబెట్టాడు.

"చూడు. నీ బండికి ఆయిలు యాడనుంచి వచ్చిద్ది?"

"పెట్రోల్లోంచి."

"పెట్రోలు గొంతు నొక్కితే ఆయిలు గొంతు గూడా నొక్కినట్టే. లోపల పిస్టన్ ఎండి, కాగి, గోడకి పట్టేసుద్ది. అది పట్టేస్తే ఎనక చక్రం ఆగిపోయిద్ది. చక్రం ఆగిద్ది గానీ నువ్వు ఆగవు. నువ్వు పోతానే ఉంటావు. అర్థమయిందా?"

అర్థమయింది. అదే నా నేరం. తెలియక చేసినవాడికి ఒక దారి ఉంటుంది, నాకు అది కూడా లేదు.

పేటలో టీకొట్టు దగ్గర నా బండి నలభై అయిదు ఇస్తోందన్నాను. గురజాలలో ఆగినప్పుడు యాభై రెండన్నాను. దుర్గి చేరేసరికి అరవై అయింది. దారి పొడుగునా పెరిగింది, దారిలో నన్ను అడ్డుకునేవాడు లేడు. దుర్గిలో రాతిబొమ్మలు చెక్కేవాళ్ళు పని మధ్యలో వచ్చి కూర్చునే టీబంకు ఒకటుండేది. అందులో ఒక పెద్దాయన, చేతుల నిండా రాతిపొడి, నా అరవై విని టీ పక్కన పెట్టాడు.

"కాంపౌండరుగారూ, తెలవక అడుగుతా. రాయి తగ్గాలంటే ఉలి పెట్టి ఎంతో కొంత తీసెయ్యాల. తియ్యకుండా తగ్గదు. మీ మేస్త్రీ ఏం తీసేశాడు?"

పనివాడి ప్రశ్న. జవాబు లేదనడానికి నాకు నోరు రాలేదు. బంకులో రేడియోకు కట్టిన వైరు కొస తొక్క ఊడి, లోపలి రాగిపోగులు మెరుస్తున్నాయి. నా కన్ను దాని మీద పడింది.

"తియ్యలేదు, పెట్టాడు" అన్నాను. "రాగితీగ. తలవెంట్రుకంత పోగు. పెట్రోలు దిగే జెట్టు కన్నంలో నిలువునా నిలబెట్టాడు. కన్నం సన్నబడింది. ఇంక ఎంత దిగుద్ది? నా కళ్ళారా చూశా."

పెద్దాయన టీ మళ్ళీ చేతిలోకి తీసుకుని తలూపాడు. "అదీ పనంటే" అన్నాడు. రాయికి ప్రాణం పోసే మనిషి నా నోటికి వచ్చిన దాన్ని పని అన్నాడు. ఆ పూట నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అదే బల్ల మీద, చివర, వెల్దుర్తి నుంచి వచ్చిన బడిపంతులు ఒకాయన కూర్చుని శ్రద్ధగా వింటున్నాడు. చదువు చెప్పేవాడు గదా, ఒక్క ముక్క పొల్లు పోకుండా విన్నాడు.

ఆ అబద్ధంలో ఉన్న దరిద్రమేమిటంటే అది పనిచేస్తుంది. నెల, రెండు నెలలు. అప్పుడు చలికాలం గదా, ఇంజన్ కాగదు. ఆ మాట చెవినపడి మాచర్లలో ఎవరో మెకానిక్కు మొదట ఒక బండికి పెట్టాడు, బండి నిజంగానే ఎక్కువ దూరం పోయింది. ఇంక ఆగుతుందా? ఊరూరా జెట్లలో రాగిపోగులు మొలిచాయి. పెట్టిన ప్రతివాడూ "ఇది నరసరావుపేట మేస్త్రీ పద్ధతి" అని చెప్పి పెట్టాడు, ఎందుకంటే నేను అలాగే చెప్పాను. ఆయనకు తెలియకుండానే ఆయన తీగ మేస్త్రీ అయి కూర్చున్నాడు.

జనం షాపుకు రావడం మొదలైంది. పక్కకు పిలిచి, గుసగుసగా, "తీగ పెట్టు మేస్త్రీ" అనేవాళ్ళు.

"ఏం తీగ?"

"అదే, మీ తీగ."

"నా తీగ ఏందిరా? నేనేమన్నా కరెంటాఫీసా?" అని తరిమేవాడు. వాళ్ళు రోడ్డు మీదికి పోయి, "చెప్పడంలా. దాచుకుంటన్నాడు" అనుకునేవాళ్ళు. ఎంత కోప్పడితే అంత నమ్మారు. నిజాయితీపరుడి కోపం మైలేజీ పిచ్చోళ్ళకు గుట్టు దాచుకునేవాడి బెదురులా కనిపించింది.

ఒక ఆదివారం నన్నే అడిగాడు. "వీళ్ళంతా దుర్గి, మాచర్ల వైపు నుంచే వస్తన్నారు. నువ్వు ఆడ తిరుగుతావు గదా. ఈ తీగ సంగతి ఏమన్నా నీ చెవిన పడిందా?"

"లేదే" అన్నాను.

చైత్రం వెళ్ళి ఎండలు ముదిరాయి. ఇంజన్లు పట్టెయ్యడం మొదలైంది. ముందు కొన్ని బళ్ళు దారిలో ఆగిపోయాయి, అంతవరకే. తర్వాత, మాచర్లలోనే తీగ పెట్టించుకున్న ఆ వెల్దుర్తి మాస్టారు భార్యను వెనక కూర్చోబెట్టుకుని ఎగువ రోడ్డు ఎక్కుతుంటే వెనక చక్రం ఉన్నట్టుండి బిగిసిపోయింది. ఆవిడ మట్టిలో పడి బతికింది. ఆయన కంకర మీద పడ్డాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టారు గానీ ఎముక వంకర తిరిగి అతుక్కుంది. సుద్దముక్క పట్టే చెయ్యి.

ఆయన బావమరిది ఆ బండిని ట్రాక్టర్ మీద వేసుకుని, ఇద్దరు మనుషులతో మేస్త్రీ షాపు ముందు దించాడు. ఆదివారం. నేనక్కడే ఉన్నాను.

"ఏం మేస్త్రీ, మనుషుల్ని చంపటానికా నీ తీగ కనిపెట్టింది?"

మేస్త్రీ నేరుగా పోయి బండి ముందు కూర్చున్నాడు. "ఏమైందమ్మా" అనలేదు. కార్బొరేటర్ విప్పాడు, జెట్టు తీశాడు, ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. పట్టకారుతో లోపలి నుంచి ఏదో లాగి అరచేతిలో వేసుకున్నాడు. వెంట్రుకంత రాగిపోగు.

"ఇది నా పద్ధతని ఎవరు చెప్పారు మీకు?"

"మా బావకి దుర్గిలో కాంపౌండరుగారు చెప్పాడంట. కళ్ళారా చూశానన్నాడంట" అన్నాడతను. నేనే ఆ కాంపౌండర్నని అతనికి తెలియదు.

మేస్త్రీ నా వైపు తిరగలేదు. "మీరు పోయి టీ తాగి రాండి" అని వాళ్ళను పంపించాడు. వాళ్ళు రోడ్డు దాటాక అడిగాడు.

"పెట్టానా నేను?"

"లేదు."

"చూశావా నువ్వు?"

"లేదు మేస్త్రీ."

"మరి?"

"ఊరికే... మాటల్లో... ఆ శిల్పాలాయన ఎట్టా ఎట్టా అని అడిగితే..."

అప్పుడు తిట్టాడు. బాబ్బాబూ, ఏం తిట్టు! నన్ను, నా నోటిని, ఆ నోటికి అన్నం పెట్టిన తల్లిని. "నీకు చెప్పానే! నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చక్రం ఆగిద్ది, మనిషి ఆగడని చెప్పానే! అది విని గూడా నా పేరు పెట్టి అమ్మావా! రోగం వచ్చిన గేదె గూడా తన్నేముందు కాలు లేపుద్ది గదరా, నువ్వు అది గూడా లేపలా!" ఆయన నోటి నుంచి తుంపర నా మొహం మీద పడుతోంది. చేతిలో స్పానరుంది. విసరలేదు. విసిరి ఉంటే నేను ఈ సంగతి ఇంకో రకంగా, హాయిగా చెప్పుకునేవాణ్ణి.

చివరికి రొప్పుతూ ఒక్క మాట అన్నాడు. "ఇంజన్ నేను బాగుచేస్తా. వచ్చే ఆదివారం మనిద్దరం వెల్దుర్తి పోతన్నాం. ఆయన ముందు నీ నోటితో చెప్పు, ఆ తీగ నీదని. నాకు ఇంకేం వద్దు."

వారం రోజుల్లో కొత్త పిస్టన్ వేసి బండి లేపాడు. ఆదివారం ఆయన మాస్టారి బండి నడిపాడు, నేను నా బండి మీద వెనక వెళ్ళాను. అంత దూరంలో నా మాటలు వందసార్లు వల్లె వేసుకున్నాను. మాస్టారూ, అది నేను కల్పించింది. ఏడు మాటలు కూడా లేవు.

ఆ తర్వాత ఏం జరిగిందో మా ఇంట్లో, మా స్నేహితుల్లో అందరికీ ఒక కథ చెప్పి ఉంచాను. మాస్టారి కాళ్ళు పట్టుకున్నానని, ఆయన నన్ను లేపి కావలించుకున్నాడని. అది చెప్పినప్పుడల్లా నాకే కళ్ళు చెమర్చేవి. ఆ కథ పచ్చి అబద్ధం. జరిగింది ఇది.

మాస్టారి భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చి, నన్ను చూసి గబగబా కుర్చీ తుడిచింది. "రాండి కాంపౌండరుగారూ. మీరేనా వచ్చింది! పోయినేడు మా గేదె ఈనిన రెండోరోజు పడిపోతే మీరే గదండీ సూదేసి లేపారు. ఆ పాలతోనే గదా ఈయన కోలుకుంటన్నాడు."

మాస్టారు ఒళ్ళో పలక పెట్టుకుని ఎడమచేత్తో అక్షరాలు దిద్దుకుంటున్నాడు. పాతికేళ్ళుగా పిల్లలకు దిద్దించినవాడు, అ దగ్గర మొదలుపెట్టాడు. తలెత్తి, "మీరు చెప్పారు గనకే నమ్మానండీ. మీరు గాలిమాట చెప్పే మనిషి కాదు" అన్నాడు.

మేస్త్రీ గుమ్మం దగ్గరే నిలబడి, "చెప్పు కాంపౌండరూ" అన్నాడు.

నేను నోరు తెరిచాను. "మాస్టారూ, ఆ తీగ..." అన్నాను. ఆవిడ చేతిలో చెంబుతో నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది. "ఆ తీగ, ఆ మాచర్లాయన సరిగ్గా పెట్టినట్టు లేదండీ" అన్నాను.

ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే ఆ నోటిని నేనే చితక్కొట్టాలనిపిస్తోంది. ఒప్పుకోకపోవడం ఒకెత్తు. తీగ మేస్త్రీదే, మంచిదే, పెట్టడం రాక చెడిందని, ఆయన ఎదుటే, ఆయన పేరు మీద ఇంకో మేకు దిగ్గొట్టాను.

మేస్త్రీ ఒక్క క్షణం నన్ను చూశాడు. ఆ కనుబొమల మధ్య ముడి విడిపోయింది. కోపంతో ఉన్న మొహమే నాకు తెలుసు. అది లేని మొహం ఎవరిదోలా ఉంది. మాస్టారి వైపు తిరిగి, "బండిలో ఇప్పుడు తీగ లేదు మాస్టారూ. మళ్ళీ ఎవర్నీ పెట్టనియ్యొద్దు. ముప్ఫై అయిదు ఇచ్చిద్ది. అంతకంటే ఇవ్వదు, ఇవ్వకూడదు" అన్నాడు. కిక్కు కొట్టి ఇంజన్ చప్పుడు వినిపించి, తాళంచెవి ఆయన ఎడమచేతిలో పెట్టాడు.

మాస్టారు ఆ చేతిని అలాగే పట్టుకున్నాడు. "భాయ్, నాకు నీ మీద కోపం లేదు. మా ప్రభువు క్షమించమన్నాడు. నిన్ను మనస్ఫూర్తిగా క్షమించాను" అన్నాడు.

చెయ్యని తప్పుకు క్షమ అందుకుని మేస్త్రీ నమస్కారం పెట్టాడు.

తిరుగుప్రయాణంలో నా వెనక కూర్చున్నాడు. ఇప్పుడు తిడతాడు, ఈ మలుపు దాటాక తిడతాడు అని వీపు బిగపట్టుకుని నడిపాను. వెల్దుర్తి నుంచి పేట దాకా ఒక్క మాట లేదు. షాపు ముందు దిగి, "వస్తానండీ" అన్నాడు.

అండీ. అన్నేళ్ళ పరిచయంలో ఆయన నన్ను ఆ మాట అనలేదు.

ఆ తర్వాత కూడా నా బండి ఆయనే చూశాడు. "కూర్చోండి", "అయిపోయిందండీ", "తీసుకెళ్ళండి". అందర్నీ గాడిదలనే మనిషి నన్నొక్కణ్ణే పెద్దమనిషిని చేశాడు. వరసలో నా ముందువాళ్ళను, వెనకవాళ్ళను తిట్టి, నా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేవాడు. నేను కావాలని చెయిన్‌కు నూనె పెట్టకుండా తీసుకెళ్ళాను. నూనె పెట్టి ఇచ్చాడు. "ఎంతిచ్చిద్ది మేస్త్రీ?" అని కూడా అడిగాను. "మీరు చూసుకోండి సార్" అన్నాడు.

నాకు పంతం పట్టింది. ఏడాది ఓర్చుకుని, ఒక రోజు ఇంట్లో కూర్చుని పాత వైరు ముక్క ఒలిచి, ఒక్క రాగిపోగు తీసి, నా బండి జెట్టులో నా చేత్తో పెట్టాను. దాన్ని తీసుకుని షాపుకు పోయాను. ఇది చూసి ఎలా ఊరుకుంటాడో చూద్దామనుకున్నాను. స్పానరు విసరనీ, నా తల పగలగొట్టనీ, నలుగురిలో నన్ను గాడిదా అననీ. అంటే చాలు, ఆ నలుగురి ముందే మొత్తం ఒప్పుకుందామని నిజంగానే సిద్ధపడి వెళ్ళాను. ఈ చివరి ముక్క నిజమో కాదో నాకే సరిగ్గా తెలియదు.

"బండి వేడెక్కుతోంది మేస్త్రీ" అన్నాను.

కార్బొరేటర్ విప్పాడు. జెట్టు తీశాడు. ఒక కన్ను మూసి వెలుగులో చూశాడు. పట్టకారుతో పోగు లాగాడు. జెట్టు ఊది, మళ్ళీ బిగించాడు. చేతులు తుడుచుకుని, ఆ పోగును తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది మీదండీ" అన్నాడు.

గొంతులో ఎకసెక్కం లేదు, కోపం లేదు. బండి దగ్గర ఎవరిదో వస్తువు పడితే తీసి ఇచ్చినట్టు ఇచ్చాడు.

నా వెనక శావల్యాపురం రైతు ఒకాయన బండితో నిలబడి ఉన్నాడు. మేస్త్రీ ఆయన వైపు తిరిగి, గొంతుక్కూర్చుని, ట్యాంకు మీద చెయ్యేసి, "ఏమైందమ్మా? ఏం చేశాడు నిన్ను ఈ గాడిద?" అన్నాడు. లేచి ఆయన తాతముత్తాతల దాకా తిట్టాడు. ఆ రైతు తల వంచుకుని నవ్వుకుంటూ తిట్లు తింటున్నాడు.

నా పని అయిపోయింది, బండి తీసుకుని పోవచ్చు. పోలేదు. పిడికిట్లో ఆ పోగు పట్టుకుని, ఆ రైతుకు దక్కుతున్న ప్రతి తిట్టూ వింటూ అక్కడే నిలబడ్డాను.